‘పైకి వెళ్ళి వచ్చాను’ అని రోగి అంటే ఏం చేయాలి?

(రోగుల బంధువుల ఆరోగ్య అవగాహన సమావేశంలో ఆసుపత్రి కౌన్సెలర్ చేసిన ప్రసంగం)

 ఇక్కడ అన్ని మతాలవారూ ఉన్నారు. మీలో కొందరు రాత్రంతా ఐ.సి.యు. బయట బెంచీల మీద గడిపి, ముఖం కడుక్కుని నేరుగా ఇక్కడికి వచ్చారని నాకు తెలుసు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. మధ్యలో లోపలి నుంచి పిలుపు వస్తే మొహమాటపడకుండా లేచి వెళ్ళండి.

మామూలుగా ఈ సమావేశాల్లో షుగరు గురించో, బి.పి. గురించో, ఉప్పు తగ్గించడం గురించో చెబుతాం. ఈ రోజు విషయం వేరు. గుండె ఆగి, డాక్టర్లు మళ్ళీ కొట్టుకునేలా చేశాక తెలివిలోకి వచ్చిన రోగి ఒక్కోసారి వింత మాటలు చెబుతాడు. వెలుగు చూశానంటాడు. చనిపోయిన అమ్మ కనబడిందంటాడు. పైనుంచి నా శరీరాన్ని నేనే చూసుకున్నానంటాడు. అప్పుడు మీరు మెట్ల దగ్గర నన్ను ఆపి, గొంతు తగ్గించి అడుగుతారు: “ఆయన చెప్పేది నిజమేనంటారా? లేక మతి చలించిందా?”

ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ఒక లారీ డ్రైవరు చేరాడు. గుండెపోటు వచ్చి క్యాజువాలిటీలోనే గుండె ఆగిపోయింది. ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. తర్వాత స్టెంట్ వేశారు. మూడో రోజు నేను పలకరించడానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, “అమ్మా, నేను పైకి వెళ్ళి వచ్చాను. మా అమ్మ కనపడింది. నీకింకా టైము కాలేదు, వెళ్ళు, నీకిక ఏ జబ్బూ లేదు అంది” అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు, ముఖంలో ఎంతో ప్రశాంతత. నేను “చాలా సంతోషమండీ” అని, ఫైల్లో రెండు ముక్కలు రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను.

రెండు నెలలకు మళ్ళీ తీసుకొచ్చారు. స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టింది. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చిన బిళ్ళలు రెండూ ఇంటికి వెళ్ళిన వారానికే మానేశాడట. భార్య ఏడుస్తూ, “నయమైపోయిందని వాళ్ళమ్మ చెప్పిందన్నాడండీ. పైనుంచి వచ్చిన మాటకు ఎదురు చెబితే పాపమని నేనూ ఊరుకున్నాను” అంది. ప్రాణం దక్కింది గాని, గుండె పంపింగ్ బాగా తగ్గిపోయింది. మళ్ళీ లారీ ఎక్కలేదు.

ఆమెను నేను తప్పుపట్టను. “ఆ మాటకు మీరేం అర్థం చేసుకున్నారు?” అని ఆ రోజు నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ బిళ్ళలు ఆగేవి కావేమో. ఆ తర్వాతే ఈ అనుభవాల మీద జరిగిన పరిశోధనలు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

మనస్తత్వశాస్త్రంలో ‘ట్రాన్స్‌పర్సనల్ సైకాలజీ’ అని ఒక శాఖ ఉంది. ‘నేను’ అనే హద్దు దాటినట్లు మనిషికి కలిగే అనుభవాలను, అంటే ప్రార్థనలో తన్మయత్వం, ధ్యానంలో కలిగే స్థితులు, చావు అంచున కలిగే దర్శనాలు, వీటిని అధ్యయనం చేసే శాఖ. విలియం జేమ్స్ అనే అమెరికన్ పండితుడు మత అనుభవాల మీద ఇచ్చిన ప్రసంగాలు 1902లో పుస్తకంగా వచ్చాయి. దారి వేసింది ఆయనే అనవచ్చు. 1960ల చివర్లో అబ్రహాం మాస్లో, ఆంథొనీ సుటిచ్, స్టానిస్లావ్ గ్రోఫ్ మొదలైనవారు దీనికి ఈ పేరుతో రూపం ఇచ్చారు. 1969లో పత్రిక మొదలైంది.

శాస్త్రలోకంలో దీనికి గౌరవం ఎంత? ఉన్నది ఉన్నట్లు చెప్పాలంటే, ఇది గుమ్మం దగ్గర నిలబడిన చుట్టం. లోపలికి రమ్మని అందరూ అనలేదు, పొమ్మని గెంటలేదు. బ్రిటిష్ సైకాలజికల్ సొసైటీలో 1996లో దీనికి ఒక విభాగం ఏర్పడింది. యాభైకి పైగా విభాగాలున్న అమెరికన్ సైకాలజికల్ అసోసియేషన్‌లో మాత్రం దీని పేరుతో విభాగం లేదు. ఆక్షేపణ ఏమిటంటే, ఈ శాఖలో చాలా పరిశోధనలు కొద్దిమంది మీద, వారు చెప్పిన మాట మీదనే ఆధారపడి జరిగాయి. పరిశోధకుల్లో కొందరు ముందే నమ్మి, ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టారు. ఇది న్యాయమైన ఆక్షేపణే. కాని గట్టి పద్ధతిలో చేసిన పనులూ ఉన్నాయి. వాటిలో చాలావరకు మీరిప్పుడు కూర్చున్నటువంటి ఐ.సి.యు.ల పక్కనే, ఆసుపత్రి డాక్టర్లే చేశారు.

“అలాంటి అనుభవం కలిగినవారు ఉత్తరం రాయండి” అని ప్రకటన ఇస్తే ఏమవుతుంది? కలిగినవాళ్ళే రాస్తారు. కలగనివాళ్ళు ఎందరో ఎప్పటికీ తెలియదు. అందుకని హాలెండ్‌లో పిమ్ వాన్ లోమెల్ అనే గుండె డాక్టరు, ఆయన తోటివారు, 10 ఆసుపత్రుల్లో గుండె ఆగి బతికినవారిని ఎంపిక లేకుండా వరుసగా కలిసి అడిగారు. మొత్తం 344 మంది. వారిలో 62 మంది, అంటే నూటికి 18 మంది, ఏదో ఒక అనుభవం చెప్పారు. 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇది. అందరికీ గుండె ఆగినదే, మరి కొందరికే ఎందుకు? గుండె ఎంతసేపు ఆగింది, ఏ మందులు ఇచ్చారు అన్నవాటితో దానికి ముడి దొరకలేదు.

ఇందులో మీరు గమనించవలసింది ఇంకొకటి ఉంది. నూటికి 82 మందికి ఏమీ గుర్తులేదు. మీ నాన్నగారు “నాకేం కనపడలేదురా, నిద్రపోయి లేచినట్లుంది” అంటే ఆయన భక్తిలో లోపం ఉందని ఎవరూ అనుకోకూడదు. ఒక పెద్దాయన తనకు ప్రభువు కనబడలేదని నెల రోజులు కుమిలిపోవడం నేను చూశాను.

ఇక రెండో ప్రశ్న. పైనుంచి చూశానంటున్నారు కదా, నిజంగా చూశారా? సామ్ పార్నియా అనే డాక్టరు దీనికి ఒక ఉపాయం ఆలోచించారు. పైకప్పుకు దగ్గరగా చిన్న బల్లలు బిగించి, వాటి మీద బొమ్మలు పెట్టారు. కింద నిలబడినవారికి ఆ బొమ్మ కనపడదు. పైనుంచి చూస్తేనే కనపడుతుంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రియా దేశాల్లో 15 ఆసుపత్రులు పాల్గొన్నాయి. గుండె ఆగిన సందర్భాలు 2,060. బతికినవారు 330 మంది. మాట్లాడగలిగే స్థితిలో ఉండి, ఒప్పుకున్నవారు 140 మంది. వారిలో 101 మందితో వివరంగా మాట్లాడారు. తొమ్మిది మంది చావు అంచు అనుభవం చెప్పారు. గదిలో జరిగినదంతా చూశాం, విన్నాం అని స్పష్టంగా చెప్పినవారు ఇద్దరే. ఆ ఇద్దరికీ గుండె ఆగిన చోట బల్లలు లేవు! రోగి ఎక్కడ కూలిపోతాడో ముందుగా ఎవరికి తెలుసు? నూటికి 78 సందర్భాలు బల్ల లేని చోటే జరిగాయి. ఇద్దరిలో ఒకాయన చెప్పిన వివరాలు అక్కడ జరిగిన దానితో సరిపోయాయి. రెండో ఆయనకు ఆరోగ్యం బాగోక పూర్తిగా అడగలేకపోయారు. ఇవి 2014లో ప్రచురించారు. నాలుగేళ్ళ కష్టం, చివరికి ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

వారు అంతటితో వదల్లేదు. 2023లో వచ్చిన రెండో పరిశోధనలో బల్లలు మానేసి, సి.పి.ఆర్. చేస్తున్న చోటికే చిన్న కంప్యూటరు పలకను తీసుకెళ్ళారు. దాని మీద బొమ్మలు, రోగి చెవిలో హెడ్‌ఫోన్ ద్వారా పండ్ల పేర్లు. 567 మందికి గుండె ఆగితే 53 మంది బతికారు. 28 మందితో మాట్లాడగలిగారు. వారిలో 11 మంది ఏవో జ్ఞాపకాలు చెప్పారు. బొమ్మను ఒక్కరూ చెప్పలేదు. పండ్ల పేర్లు ఒకరు చెప్పారు. సి.పి.ఆర్. జరుగుతున్నప్పుడు, చాలా నిమిషాలు గడిచాక కూడా, కొందరి మెదడులో తెలివికి గుర్తుగా ఉండే తరంగాలు కనపడ్డాయి. అంటే గుండె ఆగినంత మాత్రాన మెదడు వెంటనే పూర్తిగా ఆరిపోతుందని చెప్పలేం. అందుకే ఆ సమయంలో మంచం పక్కన నిరాశ మాటలు మాట్లాడవద్దని మా సిబ్బందికి చెబుతూ ఉంటాను. మీకూ అదే చెబుతున్నాను.

ఇక్కడ ఒక చిక్కు విప్పలేనిది. జ్ఞాపకం గుండె ఆగిన క్షణంలో ఏర్పడిందా, ఆగబోతుండగా ఏర్పడిందా, తెలివి వస్తున్నప్పుడు ఏర్పడిందా? రోగికి తెలియదు, డాక్టరుకూ తెలియదు. కాబట్టి “ఆత్మ శరీరం వదిలి వెళ్తుందని సైన్సు రుజువు చేసింది” అని ఎవరైనా అంటే అది అబద్ధం. “అదంతా ఆక్సిజన్ అందక మెదడు వేసిన వేషం అని సైన్సు తేల్చేసింది” అన్నా అదీ తొందరపాటే. ఆత్మ ఉందని నేను నమ్ముతాను. పైకప్పు కింద పెట్టిన బొమ్మ కోసం ఆ నమ్మకం ఆగలేదు, ఆ బొమ్మ కనపడనందువల్ల పోలేదు.

మన దేశంలో జరిగిన పని గురించి కూడా చెబుతాను, మీకు నవ్వొస్తుంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ స్టీవెన్సన్ ఇలాంటి 16 మంది భారతీయుల కథలు సేకరించి 1986లో ప్రచురించారు. మనవాళ్ళు వెలుగు సొరంగం గురించి చెప్పలేదు. భటులు వచ్చి తీసుకెళ్ళారు, అక్కడ పుస్తకం పట్టుకుని ఒకాయన కూర్చున్నాడు, పేరు సరిచూసి ‘ఈ మనిషి కాదు, పొరపాటున తెచ్చారు, వెనక్కి పంపండి’ అన్నాడు. ఇదీ వరస. మన తాలూకా ఆఫీసుల అలవాటు పైదాకా వెళ్ళిందన్నమాట! అమెరికావాళ్ళకు భటులు కనపడరు. క్రైస్తవుడికి క్రీస్తు, హిందువుకు యమభటులు, ఇలా ఎవరు పెరిగిన ఇంటి బొమ్మలు వారికి కనబడటం చాలాసార్లు జరుగుతుంది. అనుభవం లోతు ఒకటే అయినా దానికి వేసిన బట్ట మన ఊరి నేత. కాబట్టి మీ రోగికి యముడు కనబడ్డాడంటే పీడ పట్టిందని, పక్క మంచం ఆయనకు యేసు కనబడ్డాడంటే ఆయన మీకంటే గొప్పవాడని లెక్కలు కట్టవద్దు.

మన ప్రార్థన గది పక్కనే కూర్చుని ప్రార్థన మీద జరిగిన పరీక్షల గురించి చెప్పకపోతే అది దాపరికం అవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో రాండాల్ఫ్ బర్డ్ అనే డాక్టరు 393 మంది గుండె రోగులతో చేసిన పరీక్ష 1988లో వచ్చింది. ప్రార్థన పొందిన గుంపుకు కొన్ని విషయాల్లో మేలు కనిపించిందన్నారు. చాలామంది పాస్టర్లు ఇప్పటికీ దాన్నే చెబుతారు. కాని దానికంటే చాలా పెద్దది, జాగ్రత్తగా చేసినది 2006లో వచ్చింది. అమెరికాలో 6 ఆసుపత్రులు, బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది. మూడు గుంపులు. మీకోసం ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు అని రెండు గుంపులకు చెప్పి, ఒక గుంపుకే ప్రార్థన చేయించారు. మూడో గుంపుకు, మీకోసం తప్పకుండా ప్రార్థిస్తారు అని చెప్పి చేయించారు. ఫలితం? తెలియకుండా ప్రార్థన పొందినవారిలో నూటికి 52 మందికి, పొందనివారిలో 51 మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో 59 మందికి వచ్చింది.

దీన్ని విని బాధపడకండి. ముక్కూ ముఖం తెలియని వాళ్ళు, కాగితం మీద పేరు చూసి, 14 రోజులు చేసిన ప్రార్థన అది. భార్య చేసే ప్రార్థనను, తల్లి చేసే ప్రార్థనను ఆ మూడు గుంపుల్లో ఎవరికీ ఎవరూ ఆపలేదు, ఆపలేరు కూడా. అసలు దేవుణ్ణి బిళ్ళలా కొలిచి పరీక్షించడం ఎలా? కాని ఆ పరీక్ష నుంచి మనం నేర్చుకోవలసినది ఒకటుంది. “మీకోసం ప్రత్యేక ప్రార్థన జరుగుతోంది” అని మరీ మరీ చెబితే, “నా పరిస్థితి అంత విషమంగా ఉందా” అని రోగి బెదిరిపోవచ్చు. ఆ ఎక్కువకు కారణం అదే అయి ఉండవచ్చని కొందరు అనుమానించారు. ప్రార్థించండి. రోగి చెయ్యి పట్టుకుని, ఆయనకు ఇష్టమైతేనే, మెల్లగా ప్రార్థించండి. మంచం చుట్టూ పదిమంది చేరి గట్టిగా ఏడ్చి ప్రార్థించవద్దు. బిళ్ళ టైముకు బిళ్ళ వేయండి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. రోగి చెప్పే వింత మాటలన్నీ ఒకటి కావు.

గుండె ఆగి బతికినాయన తర్వాత తీరిగ్గా, తెలివిగా, ఒక కథలా చెప్పడం వేరు. ముసలాయన నిన్నటివరకు బాగుండి, ఈ రాత్రి హఠాత్తుగా గోడ మీద ఎవరినో చూసి అరవడం వేరు. ఈ రెండోదాన్ని మన పెద్దలు సంధి అనేవారు. డాక్టర్లు డెలీరియం అంటారు. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది. పగలు కాస్త తగ్గి రాత్రికి పెరుగుతుంది. ఏ ఊళ్ళో ఉన్నాడో, పగలో రాత్రో తెలియదు. దుప్పటి పీకుతాడు, సెలైన్ గొట్టం లాగేస్తాడు. కొందరు దీనికి పూర్తి వ్యతిరేకంగా మగతగా, మాట్లాడకుండా పడి ఉంటారు. దాన్ని చాలామంది గుర్తించరు. ఇది దయ్యమూ కాదు, దర్శనమూ కాదు. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో సోడియం తగ్గి ఉండవచ్చు, షుగరు పడిపోయి ఉండవచ్చు, మూత్రం బిగబట్టి ఉండవచ్చు, రోజూ తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆగినందువల్ల కావచ్చు. వెంటనే డ్యూటీ సిస్టర్ గారికి చెప్పండి, తెల్లారేదాకా ఆగవద్దు. ఆయన కళ్ళజోడు, చెవి మిషన్ ఇంటి నుంచి తెచ్చి పెట్టండి. తెలిసిన గొంతుతో, “నాన్నా, నేను, మనం ఆసుపత్రిలో ఉన్నాం, ఇది మంగళవారం సాయంత్రం” అని చెబుతూ ఉండండి. కట్టేయమని మీరు అడగవద్దు. తాయెత్తు కట్టించడానికి డిశ్చార్జి అడిగి తీసుకెళ్ళిన కుటుంబాలు ఉన్నాయి. ఆ ఆలస్యం చాలా ఖరీదైనది.

మూడోది, నయంకాని జబ్బుతో చివరి వారాల్లో ఉన్నవారి కలలు. అమెరికాలో బఫెలో నగరంలోని హాస్పిస్‌లో క్రిస్టఫర్ కెర్ అనే డాక్టరు, ఆయన తోటివారు, సంధి లేని 59 మందిని రోజూ అడిగి రాసుకున్నారు. 2014లో ప్రచురించారు. 52 మందికి కనీసం ఒక కలో దర్శనమో కలిగింది. చావు దగ్గరయ్యేకొద్దీ చనిపోయిన బంధువులు, స్నేహితులు ఎక్కువగా కనపడ్డారు. అవే ఎక్కువ ఊరట ఇచ్చాయని రోగులు చెప్పారు. మీ అమ్మగారు “మీ తాత వచ్చి కూర్చున్నాడురా” అంటే “అబ్బే, ఎవరూ లేరమ్మా” అని సరిదిద్దవద్దు. “ఏమన్నాడమ్మా?” అని అడగండి. ఆమె భయపడుతూ ఉంటే మాత్రం మాకు చెప్పండి. మందు ఉంది, మాట్లాడేవాళ్ళం ఉన్నాం.

ఈ అనుభవాల పేరుతో వ్యాపారం కూడా నడుస్తోంది. పూర్వజన్మలోకి తీసుకెళ్తామని, చైతన్యాన్ని పెంచి క్యాన్సరు పోగొడతామని, ‘శాస్త్రీయంగా నిరూపించబడింది’ అని కరపత్రాలు పంచుతారు. మన క్రైస్తవుల్లోనూ ఇంకో పేరుతో ఇదే జరుగుతోంది, దాచనక్కరలేదు. వారిని మూడు ముక్కలు అడగండి. ఎంతమంది మీద చేశారు? ఈ చికిత్స ఇవ్వని అలాంటి రోగులతోనే పోల్చి చూశారా? బాగుపడని వారి పేర్లు కూడా రాసుకున్నారా? దేనికీ జవాబు చెప్పకుండా బిళ్ళలు మానమని చెబితే లేచి వచ్చేయండి. స్టెంటు బిళ్ళలు, ఫిట్స్ బిళ్ళలు, టి.బి. మందులు, ఇన్సులిన్, ఇవి ఏ దర్శనం చెప్పినా, ఎవరు చెప్పినా డాక్టరును అడగకుండా ఆపవద్దు. ఆ డ్రైవరు గారికి కలిగిన అనుభవం నిజమే. వాళ్ళమ్మ ప్రేమ కూడా నిజమే. కాని స్టెంటులో రక్తం గడ్డ కట్టకుండా చూడటం ఆమె చేతిలో పని కాదు, ఆ రెండు బిళ్ళల పని.

ప్రసంగం అయ్యాక వెనుక బెంచీలో కూర్చున్న ఒకమ్మ అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబు కూడా ఇక్కడ చేరుస్తున్నాను. “మా ఆయనకు గుండె ఆగి వచ్చింది. ఏమీ చెప్పడు, ఊరికే కిటికీ వైపు చూస్తుంటాడు. నేనే అడగవచ్చా?” అంది.

అడగవచ్చమ్మా. కాని “వెలుగు చూశారా? ప్రభువు కనబడ్డాడా?” అని అడగకు. అలా అడిగితే నీ ప్రశ్నే ఆయన జ్ఞాపకమైపోతుంది. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కువ జాగ్రత్తపడేది ఇక్కడే. “ఆ రోజు ఏమైనా గుర్తుందా?” అని ఒక్కసారి, గదిలో మీరిద్దరే ఉన్నప్పుడు అడుగు. లేదంటే వదిలేయి. చెబితే పూర్తిగా విను, మధ్యలో అర్థాలు చెప్పకు, చుట్టాలకు ఫోన్లు చేయకు. అంతా విన్నాక, “దాన్ని మీరేం అనుకుంటున్నారు?” అని అడుగు. ఆ మాటలో మందుల సంగతి ఎక్కడైనా వస్తే, పగలైనా రాత్రైనా మా గదికి రా. క్యాజువాలిటీ పక్కన, ప్రార్థన గదికి ఎదురుగా ఉంటుంది.